మడత గీత

నాకు లెక్కలు వచ్చునన్న నమ్మకం చిన్నప్పటి నుంచీ ఉంది. నన్ను లెక్కచేసేవాళ్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. ఈ రెండింటికీ నడుమ ఉన్న వెలితిని పూడ్చుకోవాలన్న ఆత్రంలో ఒక ఏడు నేనొక తెలివితక్కువ పని చేశాను. నేత ఇంట్లో పుట్టినవాడు చేయకూడని తప్పు అది. కుమ్మరింట్లో పుట్టి, కుండకు మూతి ఎటుందని అడిగినట్టు. ఆ తప్పు వల్ల ఒక మంచి బౌలరు మా జట్టులోంచే కాదు, ఆటలోంచే పోయేవాడు.

మాది పోచంపల్లికి దగ్గరి ఊరు. ఇంటింటా మగ్గం. బాపు ఉన్నన్నాళ్లు బాపు నేశాడు, ఆ తర్వాత అమ్మ నేస్తోంది. అక్కను చేసుకున్న బావ చీరల మీది బొమ్మలు గ్రాఫు కాయితాల మీద గీస్తాడు. ఇంటిల్లిపాదిలో పేక తెలియనివాణ్ని నేనొక్కణ్నే. మగ్గం మీది పేకా రాదు, చేతిలో పట్టే పేకా రాదు. మండలాఫీసులో గుమాస్తాగా కుదిరి రోజూ ఫైళ్లకు దారాలు కడుతున్నాను కాబట్టి, కులవృత్తి పూర్తిగా వదిలేశానని మాత్రం ఎవరూ అనలేరు.

భువనగిరి జిల్లా కేంద్రమైన కొత్తల్లో, గుట్ట కింది మైదానంలో చలికాలం ఊళ్ల మధ్య క్రికెట్ పోటీలు జరిగేవి. ఒక జట్టులో పదిమంది సొంత ఊరివాళ్లుండాలి, ఒక్కడు బయటివాడు ఉండొచ్చు. ఆ ఒక్కడి గురించే మా ఊళ్లో ఏడాది పొడుగునా వాదన. ఎవణ్ని ఉంచుకోవాలి, ఎవణ్ని వదులుకోవాలి, ఎవడు ఎన్ని కొట్టాడు, ఎవడు ఎన్ని ఇచ్చాడు. పెద్ద పోటీల్లో ఆటగాళ్లను కోట్లు పెట్టి కొంటారని వింటాం. మా దగ్గర కోట్లూ లేవు, చొక్కాలూ లేవు. తువ్వాల ఉంది. దారానికి కట్లు కట్టి, రంగులో ముంచి, మా మగ్గం మీదే నేసిన తువ్వాలను జట్టు పెద్ద ఆటగాడి భుజం మీద వేస్తే, ఆ ఏడు వాడు మావాడు. అదే మా ఒప్పంద పత్రం. ఒకరికి వేసిన తువ్వాల ఇంకొకరికి వేయరు. తువ్వాల భుజం మీద పడేదాకా ఎన్ని మాటలిచ్చినా అవి గాలిమాటలే. వదులుకోవాలంటే మనిషి వెళ్లి ఆ తువ్వాల వెనక్కి అడగాలి. అప్పటిదాకా అలా అడిగిన పాపం ఎవరూ కట్టుకోలేదు.

జట్టు పెద్ద బావే. బ్యాట్లు, బంతులు, తువ్వాలలకు నూలు అన్నీ ఆయన ఇంటి నుంచే వస్తాయి కాబట్టి నలభై అయిదేళ్లు దాటినా కెప్టెనూ ఆయనే, మొదట బ్యాటు పట్టేదీ ఆయనే.

బయటివాడు మా ఊరి పక్క గుట్ట అవతలి పల్లె నుంచి వచ్చిన గొర్లకాపరి. రెండేళ్లుగా మా తువ్వాల అతని భుజం మీదే ఉంది. దారి తప్పిన గొర్రె ముందు రాయి పడేలా విసిరి మందను మళ్లించిన చేయి అది. బంతి కూడా అలాగే, తగలాల్సిన చోటికి ఒక జానెడు ముందు పడేది. ఆ ఏడు పోటీలకు ముందు ఒకసారి నాతో అన్నాడు, "అన్నా, జిల్లా క్యాంపుకు పిలగాండ్లను తీసుకునే సార్లు మన ఆటలు సూడనీకి వస్తరట గద. వయసు లెక్కుంటదట. నాకు గిదే ఆఖరి యేడు. గీసారి తీసుకోకుంటె మా బాపు మంద అప్పజెప్తనన్నడు." ఇది నాకు తెలుసు. తెలిసీ చేశాననేదే ఈ కథలో నా వాటా.

ఆదివారం పొద్దున నూలుకు రంగులు వేసే కొట్టంలో వాదన మొదలయ్యేది. మా మేనమామ, ఒకప్పటి వికెట్ కీపరు, దారానికి కట్లు కడుతూ కూర్చునేవాడు. వేళ్లు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు.

"మేళ్లచెరువు దిక్కు సిమెంటు కంపెనీల పనిజేసే పిలగాడున్నడు," అన్నాడు బావ ఆ ఆదివారం. "కొడితె బాలు చెరువుల పడ్తదంట."

"మన మైదానంల చెరువు లేదు గద అల్లుడా. యాడ పడాల్నో తెల్వక మన ఫీల్డరు చేతులనే పడ్తది," అన్నాడు మామ.

"నవ్వులాట గాదు మామా. మనకు కొట్టేటోడు గావాలె."

"ఆపేటోడున్నడు. వాన్ని ఆపుకోరాదు?"

"ఆపేటోడా. పోయినేడు ఆఖరి ఓవర్ల ఏమాయె?"

పోయినేడు చివరి ఆటలో ఆఖరి ఓవరు కాపరి వేశాడు. బంతిబంతికీ బాదించుకున్నాడు. మేం ఓడిపోయాం. చీరలు తీసుకుని ఊరూరి ప్రదర్శనలకు తిరిగే బావ ఆ ఏడు ఊళ్లో ఉండి ఆడింది, చూసింది ఆ ఒక్క ఆటే.

"నువ్వు సూసింది ఒక్కటే గద," అన్నాడు మామ.

"అన్నం ఉడికిందా లేదా అంటె ఒక్క మెతుకు పట్టుకుంటె సాలు."

"పట్టుకో. గని కుండ అడుగుది పట్టుకుంటె మాడినదే దొరుకుతది."

కొట్టం అంతా నవ్వింది. బావ నవ్వలేదు. నా వైపు తిరిగాడు. ఆటల లెక్కలు రాసే పుస్తకం నాదే. ఏ ఓవరుకు ఎన్ని, ఎవరి పేర ఎన్ని, అన్నీ ఆఫీసు అక్షరాల్లో రాసిపెట్టేవాణ్ని.

"బామ్మర్ది, నీ నోటుబుక్కు నాకు సమజ్ గాదు. సగటంటవు, రేటంటవు. గిద్దర్ని గ్రాఫు మీద గీసుకరా. గ్రాఫైతె కండ్లు మూసుకోని సదువుత."

తర్వాత తెలిసింది, ఆయన నిజంగా అలాగే చదివాడని.

బావ ఇంట్లోంచే ఒక గ్రాఫు కాయితం తెచ్చుకుని వారం రోజులు గీశాను. ఎడమ పక్క కాపరి, కుడి పక్క సిమెంటు పిలగాడు. సిమెంటు పిలగాడి లెక్కలు వాళ్ల జట్టు స్కోరరు ఫోనులో పంపాడు. ఒక్కో ఆటకు ఒక్కో నిలువు పట్టీ. కాపరి ఓవరుకు సగటున ఎన్ని పరుగులిచ్చాడో అన్ని గళ్లు ఎరుపు. దాదాపు అన్ని ఆటల్లోనూ ఆరు గళ్లు. కొత్తవాడు ఒక్కో ఆటలో ఎన్ని కొట్టాడో అన్ని గళ్లు ఆకుపచ్చ. పద్దెనిమిది గళ్లకు అటూ ఇటూ. కాపరి తీసిన వికెట్లను మాత్రం పట్టీల మీద అంకెల్లో వేశాను. అంతా అయ్యాక, చూపుకు నిండుగా ఉంటుందని, పట్టీల అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లావు గీత కొట్టాను. ఆ గీతే కొంప ముంచింది.

నిజానికి నా కాయితం కాపరినే ఉంచుకోమంటోంది. ఓవరుకు ఆరు ఇచ్చి ఆటకు రెండు మూడు వికెట్లు తీసేవాణ్ని ఎవరు వదులుకుంటారు? బావకు చూపించి మంచి మాట అనిపించుకుంటానని మురుస్తూ వెళ్లాను.

మరుసటి ఆదివారం కొట్టంలో బావ కాయితం పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎరుపు మీద వేలు ఆనించాడు. పెదవి విరిచాడు. ఆకుపచ్చ మీద ఆనించి కనుబొమలెత్తాడు. ఆఖరికి కాయితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"తేలిపాయె. సిమెంటు పిలగాన్నే తీసుకుందాం. నా మాట గాదిది. బామ్మర్ది కాయితమే సెప్తాంది. ఇంత సాఫుగ గీసినోన్ని నేను సూడలె."

మామ నా వైపు చూశాడు. "నువ్వేమంటవు అల్లుడా? నీ కాయితమే గద."

అప్పుడు నోరు విప్పాల్సింది. బావా, ఏం చూశావు, ఏ గడి లెక్కపెట్టావు అని ఒక్క ముక్క అడగాల్సింది. కానీ ముప్ఫై ఏళ్లుగా గ్రాఫులు గీస్తున్న మనిషి పదిమంది ముందు నన్ను పొగిడాడు. నా కాయితంలో నాకు కనబడనిదేదో ఆయనకు కనబడిందనుకున్నాను. "లెక్క ప్రకారమైతె..." అని మొదలుపెట్టి, ఏ లెక్క ప్రకారమో చెప్పకుండానే ఆపేశాను. మామ కట్టు బిగించి దారాన్ని పళ్లతో కొరికి ఉమ్మాడు.

"లెక్క నీదే గన్క తువ్వాల నువ్వే అడుగాలె," అన్నాడు. దానికి బావ కూడా తలూపాడు.

ఆ సాయంత్రం గుట్ట వెనక్కి వెళ్లాను. మంద ఇళ్లకు మళ్లుతోంది. కాపరి నన్ను చూసి ఎదురొచ్చాడు, తువ్వాల తలకు చుట్టుకుని ఉంది. ఆటల తేదీలు చెప్పడానికి వచ్చాననుకున్నాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక ఎండ గురించి, గడ్డి గురించి మాట్లాడాను. రెండు నిమిషాల్లో అతనికి అర్థమైంది. తల నుంచి తువ్వాల విప్పాడు.

"నా లెక్క అంత ఖరాబున్నదా అన్నా?"

"ఖరాబేం లేదు. కాయితం మీద జర..."

"కాయితం నువ్వు గీసినవా?"

"అవును."

దుమ్ము దులిపాడు. అంచులు కలిపి జాగ్రత్తగా మడత పెట్టాడు. "ఉతికి ఇయ్యాల్నా, గిట్లనే ఇయ్యాల్నా?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. అదే నా వల్ల కాలేదు. గిట్లనే ఇమ్మని తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బండి స్టార్టు చేశాను. ఆ బండి నాలుగు కిక్కులకు గాని అందుకోలేదు. నాలుగు కిక్కుల సేపూ అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

పేర్ల జాబితా ఇవ్వడానికి ఆఖరి రోజు బుధవారం. సాయంత్రం ఐదుకల్లా భువనగిరి మైదానం దగ్గరి కమిటీ గదిలో కెప్టెనూ, బయటి ఆటగాడూ స్వయంగా సంతకాలు చేయాలి. ఐదు దాటితే ఆ ఏటికి అంతే. సిమెంటు పిలగాడు మధ్యాహ్నానికి మా ఊరొచ్చి తువ్వాల వేయించుకుని బావతో భువనగిరి వెళ్లాలని ఏర్పాటు. అతని తువ్వాల ఇంకా అమ్మ మగ్గం మీదే ఉంది. నేను సెలవు పెట్టాను. సంబరం చూడటానికి కాదు. ఆఫీసులో కూర్చుంటే అంకెలన్నీ ఎర్రగా కనబడుతున్నాయి.

పదకొండింటికి అమ్మ మగ్గం దిగి చాయ్ తాగుతోంది. గూట్లో నేను పడేసిన గ్రాఫు తీసి చూసింది.

"అల్లుడు పంపిన కొత్త బొమ్మనా గిది?"

"కాదమ్మా. ఆట లెక్క."

"ఆటో పాటో. గీ ఎర్రది గింత పొడుగు పెట్టినవేందిరా. మడిస్తె పన్నెండు గళ్లొస్తది. తువ్వాల అంచు మీద ఏడ పడ్తది?"

"పన్నెండెక్కడిది? ఆరే గద."

అమ్మ నన్ను జాలిగా చూసింది. లావు గీత మీద వేలు పెట్టింది. "మడత గీత గొట్టి ఆరంటవేంది? ఈడికెల్లి మడిస్తె పైన ఆరు, కింద ఆరు."

చాయ్ గ్లాసు నా చేతిలో ఎందుకుందో ఒక క్షణం అర్థం కాలేదు.

మా ఇళ్లలో రెండు పక్కలా ఒకే తీరుగా ఉండే బొమ్మను కాయితం మీద సగమే గీస్తారు. దారాన్ని మడిచి కట్లు కడతారు కాబట్టి ఒక కట్టుకు రెండు పక్కలా బొమ్మ పడుతుంది. ఎక్కడ మడవాలో తెలియడానికి అడుగున లావు గీత కొడతారు. పాలు తాగే వయసు నుంచి చూసినదాన్ని, ఫైళ్ల దారాల్లో పడి మరిచిపోయాను. బావ మాత్రం మరిచిపోలేదు. ఆయన కళ్లు మూసుకున్నా ఆ గీత దగ్గర మడిచే చదువుతాడు. కాపరి ఓవరుకు పన్నెండు ఇచ్చాడని చదివాడు. కొత్తవాడు ఆటకు ముప్ఫై ఆరు కొట్టాడని చదివాడు. వికెట్లు అంకెల్లో ఉన్నాయి కాబట్టి అవి మాత్రం మడతపడలేదు.

కొట్టానికి పరుగెత్తాను. సిమెంటు పిలగాడు అప్పటికే వచ్చి బెంచీ మీద మిర్చి బజ్జీలు తింటున్నాడు. చుట్టూ జట్టువాళ్లు. మామ మూల కూర్చుని కట్లు కడుతున్నాడు. బావను పక్కకు పిలిచి, గ్రాఫు చూపించి, గొంతు తగ్గించి చెప్పాను. ఆయన కాయితం వైపు ఒకసారి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు గ్రాఫు సదువుడు నేర్పుతున్నవా బామ్మర్ది?"

"నీ తప్పు గాదు బావా. గీత నేను కొట్టిన."

"ఎవని తప్పైతె ఏంది. పిలగాడు గంత దూరంకెల్లి బస్సెక్కి వచ్చిండు. మాటిచ్చిన."

"మాట భుజం మీద పడ్తెనే మాట," అన్నాడు మామ, తల ఎత్తకుండా. గొంతు తగ్గించానని నేనే అనుకున్నాను.

బజ్జీలు నమిలే చప్పుడు ఆగింది. పదిమంది చూస్తుండగా ముప్ఫై ఏళ్ల పనివాడు గ్రాఫు తప్పు చదివానని ఒప్పుకోవడం జరిగే పని కాదు. బావ నా వైపు చూడకుండా చెప్పాడు. "ఇంటికి పో. ఒంటి గంటకల్ల తువ్వాల గావాలన్నడని అత్తమ్మకు చెప్పు."

ఇంటికొచ్చేసరికి మగ్గం చప్పుడవుతోంది. నేయాల్సింది మూరెడు కూడా మిగల్లేదు. అమ్మకు ఒంటి గంట అని చెప్పాను. అమ్మ చేయి ఆపకుండా అడిగింది.

"గా గొర్ల పిలగానికి ఏమైతది మరి?"

"వయసు దాటిపోతదట. మంద వెంబడి పోతడు."

"మంద వెంబడి పోవుడు తప్పేం గాదు."

"తప్పు గాదు. పోవాలని పోతె."

పేక పోగు మోసే నాడె ఇటు నుంచి అటు నాలుగుసార్లు పోయింది. ఐదోసారి పోలేదు. అమ్మ మగ్గం మీద వంగింది. నాకు వీపే కనబడుతోంది. కాసేపటికి లేచి, కుండలోంచి మంచినీళ్లు ముంచుకుంది.

"దారం తెగింది," అంది.

"తెగిందా, తెంపినవా?"

"తెగిన దారానికి నోరుంటదా, సెప్పనీకి?"

నేను వెళ్లి చెబితే బావ నమ్మలేదు. స్వయంగా వచ్చాడు. మగ్గం పక్కన కూర్చుని, తెగిన పోగులు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. పది పన్నెండు పోగులు, పక్కపక్కనే. వాటంతట అవి తెగితే కొస పీచులా ఉంటుంది. అవి కత్తెర పెట్టినట్టు సూటిగా ఉన్నాయి. నాకే తెలిసిందంటే ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కో కొసనూ బొటనవేలితో రాసి చూశాడు. తలెత్తి అత్తగారి వైపు చూశాడు. అమ్మ నీళ్లు తాగుతూనే ఉంది. ఒక చెంబెడు నీళ్లు తాగడానికి అంతసేపు పట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. గోడ మీది గడియారం ఒంటిగంట దాటింది.

"అత్తమ్మ, అతుకు పెట్టాలంటె ఎంతసేపు?"

"కండ్లు సరిగ అగపడ్తలేవు బిడ్డా. పొద్దూకుతది."

బావ లేచి, దులుపుకుని, నా భుజం మీద చేయి వేసి కొట్టానికి నడిచాడు. ఆ చేయి ప్రేమగా వేశాడనుకున్నాను.

"సూడుండ్రి," అన్నాడు అందరి ముందు. "మా బామ్మర్ది తప్పు గ్రాఫు గీసిండు. సదువుకున్నోడు గద అని నమ్మిన. గీత యాడ కొట్టాల్నో తెల్వనోడు లెక్కలు గీస్తె గిట్లనే ఉంటది. ఇగ తువ్వాల లేదు. పాత పిలగాన్నే పిలుద్దాం." నా వైపు తిరిగాడు. "తప్పు నీదేనా గాదా?"

కాదంటే వాదన మళ్లీ మొదలవుతుంది. గడియారం ఆగదు. "నాదే," అన్నాను. ఎవరో వెనక నుంచి "మడత మాస్టరు" అన్నారు. ఆ పేరు ఆ తర్వాత ఏడాది పాటు నన్ను వదల్లేదు.

సిమెంటు పిలగాడిదే మంచి మనసు. "సిమెంటోళ్లం, జర గట్టిగనే ఉంటం. మా దిక్కు టీం ఉన్నది, ఫికర్ లేదు. ఇంకో రెండు బజ్జీలు ఇప్పియ్యుండ్రి," అన్నాడు. మామ తన ప్లేటే అటు జరిపాడు.

బావ భువనగిరి బస్సెక్కాడు. నేను కాపరి పాత తువ్వాల చంకన పెట్టుకుని గుట్ట వెనక్కి బండి తోలాను. మంద ఉంది, కాపరి లేడు. వాళ్ల బాపు కర్ర మీద గడ్డం ఆనించి చెప్పాడు, గొర్రె ఒకటి మేత మానేస్తే ఎత్తుకుని పశువుల దవాఖానకు పోయాడని. అక్కడికి వెళ్లేసరికి మూడు. కాపరి గొర్రెను ఒళ్లో పెట్టుకుని వరుసలో కూర్చున్నాడు. అతని ముందు ఇంకా నలుగురున్నారు. తువ్వాల చూశాడు గాని చేయి చాపలేదు.

"మళ్ల ఏ లెక్క తేలిందన్నా?"

మొత్తం చెప్పాను. గీత, మడత, నేను నోరు మూసుకున్న సంగతి కూడా. ఈసారి ఎండ గురించి మాట్లాడలేదు. అతను గొర్రె చెవి నిమురుతూ విన్నాడు.

"గీసారి తీసుకుంటె మళ్ల వాపస్ అడుగరు గద?"

"అడుగం."

"అయితె ముందు దీనికి సూది పడాలె. ఇడిసిపెట్టి రాను."

ముందున్నవాళ్లను బతిమాలాను. ఒకాయన, తన గేదెకు నాకన్నా తొందరగా ఉందన్నాడు. సూది పడేసరికి మూడు ముప్పావు. గొర్రెను ఇంటికి చేర్చి వస్తే ఐదు దాటుతుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను తోలుతుంటే వెనక అతను, మధ్యలో గొర్రె. సూది గుణమో, గతుకుల గుణమో, సగం దారిలో నా వీపు వెచ్చగా తడిసింది. ఆ గొర్రె కోపం న్యాయమైనదే అనిపించి బండి ఆపలేదు.

భువనగిరి గుట్ట దూరం నుంచే కనబడుతుంది. ఎంత తోలినా దగ్గరికి రాదు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్కల మీద నమ్మకం పోయి మానేశాను. మైదానం చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. బావ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలి గుమాస్తా పెన్ను మూత పెడుతున్నాడు. గుమాస్తా పెన్ను మూత పెట్టాడంటే ఏమిటో నాకన్నా తెలిసినవాళ్లెవరు? కాపరి గొర్రెను నా చేతుల్లో పెట్టి లోపలికి పరుగెత్తాడు. బావ నా చంకలోంచి తువ్వాల లాక్కుని, అతను సంతకం పెడుతుండగానే భుజం మీద వేశాడు. గుమాస్తా బయటికి చూసి, "ఇది గూడ మీ టీమేనా?" అని అడిగాడు, గొర్రెను ఉద్దేశించో నన్ను ఉద్దేశించో తెలియదు.

మేం ఒక ఆట గెలిచాం, రెండోది ఓడాం. కాపరి రెండింటిలోనూ బాగా వేశాడు. రెండో ఆట అయ్యాక టోపీలు పెట్టుకున్న ఇద్దరు సార్లు అతణ్ని పక్కకు పిలిచి పేరు, పుట్టిన తేదీ రాసుకున్నారు. నెల తిరిగేసరికి క్యాంపుకు రమ్మని కబురొచ్చింది. ఆ తర్వాత ఎంత దూరం పోయాడన్నది అతని కథ. మంద మాత్రం ఇంకో రెండేళ్లు వాళ్ల బాపే కాశాడు.

బావ రెండు ఆటల్లోనూ మొదట బ్యాటు పట్టాడు. రెండింటిలోనూ సున్నా.

దాన్ని ఎవరూ గ్రాఫు మీద గీయలేదు. కొట్టంలో మాత్రం ఏడాది పొడుగునా నా గీత గురించే నవ్వులు. "మడత మాస్టరూ, చాయ్ సగం తాగినవా, మడిస్తె నిండుతదా?" అనేవాడు బావ, ఊళ్లో ఉన్నప్పుడల్లా. నేను నవ్వేవాణ్ని. నవ్వుతూ ఒక గ్రాఫు కాయితం దాచిపెట్టుకున్నాను.

మరుసటి చలికాలానికి కెప్టెనుకు కొత్త తువ్వాల నేయాలి. అంచు నేను గీస్తానన్నాను. ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. రెండు గుండ్రాలు, పక్కన ఒక చుక్క, అడుగున లావు గీత. ఈసారి కావాలనే కొట్టాను. అమ్మ చూసింది.

"గీ గుండ్లేందిరా?"

"పోయినేడు బావ కొట్టిన పరుగులమ్మా."

కట్లు కడుతున్నంతసేపూ అమ్మ భుజాలు నవ్వుకు కదులుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు మడిచినా రెండింతలు కాని లెక్క అదొక్కటే.

తువ్వాల మగ్గం దిగింది. నీలం మీద తెల్లటి సున్నాలు, ఈ అంచున వరుసగా, ఆ అంచున వరుసగా. బావ భుజం మీద వేసుకుని, అంచు వేళ్ల మధ్య రాసి చూశాడు. "పని వచ్చింది బామ్మర్దికి," అన్నాడు కొట్టంలో. మామ కట్టు కొరకడం మరిచిపోయి నా ముఖంలోకి చూశాడు. క్యాంపు నుంచి సెలవు మీద వచ్చిన కాపరి, గొర్లను లెక్కపెట్టే అలవాటుతో, సున్నాలన్నీ ఒకసారి కళ్లతోనే లెక్కపెట్టి తల వంచుకున్నాడు.

ఆ అంచు బావకు ఎంత నచ్చిందంటే, చీరల మీదికి ఎక్కించాడు. ప్రదర్శనలకు తీసుకుపోయాడు. అన్నిటికన్నా ముందు అవే అమ్ముడుపోయాయని ఫోను చేశాడు. ఎక్కడెక్కడి పెళ్లిళ్లలోనో ఎవరెవరో మా బావ పరుగులు కట్టుకుని తిరుగుతున్నారు.

"అందరు అడుగుతున్నరు," అన్నాడు ఫోనులో. "గీ బొమ్మకు ఒక పేరుండాలె. నువ్వు గీసినవు గద, ఏం పెడ్దాం?"

"నీ పేరే పెట్టు బావా," అన్నాను.